కిటికీలు మూసింది నానే

ముందే ఒప్పీసుకుంతాను. బంక గదికి కిటికీలు మూయించింది నానే. ఓనరు గురునాథరావు గారు కాదు, పన్జేసే కుర్రోల్లూ కాదు. సన్యాసిరాజు అనీ ఈ నాను, ఆ షెడ్డుకి మేస్త్రిని. తెలివెక్కువై సేసిన పని అది.

ఎనభై రెండో సంవత్సరం ఎండాకాలం మాట. మా షెడ్డు పాతూరులో, పూర్ణా మార్కెట్టుకీ పోర్టుకీ మజ్జిన ఉండీది. ప్లైవుడ్డు సెక్కల మీద మైకా షీట్లు అంటించి ఆఫీసు బల్లలు సేసీవోల్లం. ఆ ఏడు స్టీలు ఫ్యాక్టరీ కొత్త ఆఫీసుల కోసమని మాకు ఆరొందల బల్లల ఆర్డరు తగిలింది. అంత పెద్ద ఆర్డరు మా షెడ్డు ఎప్పుడూ సూడనేదు. ఓనరు గారు ఆ కాయితం పట్టుకుని నాలుగు రోజులు నవ్వుతానే ఉన్నారు.

మైకా అంటించడం సూడ్డానికి సుళువు. సెక్కకి బంక రాయాల, షీటు ఎనకాల బంక రాయాల. రెండూ ఆరిందాకా ఆగాల. సెక్క మీద సన్నటి పుల్లలు పేర్సి, ఆటి మీద షీటు పెట్టి, ఒక్కో పుల్లా లాక్కుంటా నొక్కుకుంటా పోవాల. ఓపాలి అంటుకుందంటే మరి బ్రహ్మదేవుడొచ్చినా ఊడదీయలేడు. ఆ రెండింటి మజ్జినా ఆవగింజలో సగం నలక పడిందనుకో, పైకి పొక్కులాగ లెగుస్తాది.

మొదట యాభై బల్లలు పంపేం. ఇనస్పెక్షనుకి ఫ్యాక్టరీ తరపున శ్రీరామ్మూర్తి గారనీ ఆయనొచ్చి, బల్ల మీద అరసెయ్యి అలాగలాగ రాసి, నా మొకం సూసేడు.

"ఏమయ్యా మేస్త్రీ, వీటికి చెమటకాయలు పోశాయా?" అన్నాడు.

పక్కనున్న క్లర్కులంతా నవ్వేరు. యాభైలో ముప్పైరెండు ఎనక్కి తిప్పీసేడు. నాకు ఒల్లు మండిపోయింది. పోనీ ఆయన అబద్దమాడేడా అంటే నేదు. తప్పు దుమ్ముది. ఓడలకి ఇనప రాయి ఎక్కించినప్పుడు లేసీ ఎర్ర దుమ్ము మా పాతూరులో ఎవుల్ని ఒగ్గీది గనక? పొద్దున్న ఆరేసిన పంచె సాయంత్రానికి కావిరంగు తిరిగీది. ఆ దుమ్మే కిటికీలోంచొచ్చి తడి బంక మీద వాలిపోతంది.

మరి నాను మేస్త్రిని కదా! ఆ రోజే బంక రాసీ గదికున్న ఆరు కిటికీలకీ మేకులు కొట్టించీసేను. సందుల్లో మైదా ముద్దతో పాత పేపర్లు అంటించేను. తలుపుకి తడి గోనిసంచులు ఏలాడగట్టేను. తరవాత పంపిన యాభైలో ఒక్క బల్ల ఎనక్కి రానేదు. శ్రీరామ్మూర్తి గారు నా భుజం తట్టేరు, ఓనరు గారు జిలేబీ తెప్పించేరు. నాను వారం రోజులు మీసం కిందకి దించనేదు.

నాను జాగర్త తెలీనోడిని కూడా కాదు, అది గుర్తెట్టుకోండి. బంకకీ, దాన్ని పల్సన సేసీ థిన్నరుకీ నిప్పు తగిలితే ఏటవుతాదో నాకు తెలుసు. బీడీ ముట్టించినోడిని షెడ్డు గేటు దాకా తరిమీసేవోడిని. అప్పలసూరి అని మా దగ్గరో పనోడు, బోటు మీద సేపల ఏటకెల్లీ పని మానీసి వొచ్చినోడు, సెవి మీద బీడీ ఉత్తినే పెట్టుకుని గదిలోకొచ్చినా నాను ఊరుకునీవోడిని కాదు. నిప్పంటే అంత బయ్యం. మరి గాలికి బయపడాలని మాత్రం నాకెవులు సెప్పేరు?

మూసిన మొదటి వారం అందరికీ తలనొప్పులే. అప్పలసూరి రెండుసార్లు గోడ పక్కకెల్లి కక్కుకున్నాడు. సముద్రం మీద ఊగినోడివి, గదిలో కూకుంటే కక్కుతావేట్రా అని నవ్వేను. దానికో మందు కూడా కనిపెట్టేను. మా ఊరి రైసు మిల్లులో ఊక దుమ్ములో పన్జేసీవోల్లకి సాయంత్రం బెల్లమ్ముక్క పెట్టీవోరు, దుమ్ము కడుపులోకి జారిపోద్దని. నానూ అదే పద్దతి పెట్టేను. పని దిగినాక మనిసికో బెల్లమ్ముక్క. బంకకీ బెల్లానికీ ఏటి సమ్మందమని ఇప్పుడు నన్నడిగితే తల దించుకుంతాను. అప్పుడు మాత్రం డాక్టరు సూదిమందేసినంత దర్జాగా పంచీవోడిని.

పది రోజులకి తలనొప్పులు తగ్గేయి. వాసన గొడవ కూడా ఎవులూ ఎత్తడం నేదు. "సూసేర్రా, అలవాటైపోయింది," అన్నాను. అలవాటైపోడమంటే గొప్పనుకున్నాం. కొత్తగా వొచ్చినోడు ముక్కు మూసుకుంటే, అందరం కలిసి ఏడిపించీవోల్లం.

ఇంటికాడ మా ఇంటిది గౌరీశ్వరి మాత్రం సాయంత్రం నన్ను గుమ్మంలోనే ఆపీది. "మావా, ఆ సొక్కా బయటే ఇప్పీ. ఇల్లంతా కంపు సేత్తన్నావ్," అనీది. ఆడోల్ల ముక్కులు అలగే ఉంతాయిలే అనుకునీవోడిని.

ఇప్పుడు లతీఫ్ గురించి సెప్పాల. ఆడు మా షెడ్డులో బంక రాయడంలో అందరికన్నా పనితనం ఉన్నోడు. రేకు ముక్కతో బంక లాగితే సెక్క మీద మీగడ పరిసినట్టు ఉండీది. పాతికేల్లోడు, మాట నెమ్మది, నన్ను "రాజు బావా" అనీవోడు. ఆడి నాన్న అబ్దుల్ రజాక్ గారికి పూర్ణా మార్కెట్టు ఎనక సందులో అత్తరు దుకానం. దుకానమంటే ఎంత, ఇద్దరు మనుసులు కూకుంటే మూడోవోడు నిలబడాల. గోడ నిండా సీసాలే. ఏ సీసాకీ పేరు రాసుండదు. రజాక్ బాబాయ్ మూత తీసి, ఓపాలి గాల్లో తిప్పి, ఇది మల్లె, ఇది మొగలి, ఇది వట్టివేరు అని సెప్పీవోడు. ఆ మజ్జిన ఆయన కల్లకి శుక్లాలొచ్చేయి. ఆయనకి మరి ముక్కే అన్నీ. ఈ రంజాను ఎల్లగానే దుకానం లతీఫ్‌కి అప్పగించి నాను ఇంట్లో కూకుంతానని సందంతా సెప్పుకున్నాడు. లతీఫ్ కూడా ఆ రోజు కోసమే ఎదురుసూత్తన్నాడు. సిన్నప్పట్నుంచి ఆడికి కావాల్సింది ఆ దుకానమే. బంక పని పొట్ట కోసం.

రంజాను మొదలైన నాలుగో రోజు. మజ్జాన్నం కుళాయి కాడ లతీఫ్ మొకం కడుక్కుని నా పక్కనొచ్చి నిలబడ్డాడు.

"బావా, నాకు వాసన తెల్దం నేదు," అన్నాడు.

"ఏ వాసన?"

"ఏదీ తెల్దం నేదు. నెల దాటింది. సాయంత్రాలు దుకానంలో సీసా ఎక్కడుంతాదో గుర్తెట్టుకుని అమ్మతన్నాను. మొన్న పెల్లోల్లు మల్లె అడిగితే వట్టివేరు ఇచ్చీసేను. మా అబ్బాకి అనుమానమొచ్చి, రాత్రి సీసాలన్నీ తారుమారు సేసి పెట్టేడు. పొద్దున్న ఒక్కటీ సెప్పలేకపోనాను."

"జలుబేమోరా."

"జలుబు నేదు బావా." ఆడు ముక్కు పట్టుకుని సూపించేడు. "ముక్కు ఉంది. లోపలేటీ నేదు."

నాను ఆడి మీదే కసురుకున్నాను. పనికెల్లమన్నాను. నా నోరే అంత. బయపడితే తిట్టడమే వొచ్చు దానికి.

మర్నాడు రజాక్ బాబాయే షెడ్డుకొచ్చేడు. తెల్ల టోపీ, సేతిలో కర్ర. ఎవులూ సెప్పకుండా తిన్నగా బంక గది కాడికొచ్చి గోనిసంచి ఎత్తి, ఒక్క అడుగు లోపలెట్టి, వెంటనే ఎనక్కొచ్చీసేడు. గోడ పట్టుకుని దగ్గేడు. కల్లంట నీల్లు కారిపోతన్నాయి.

"యా అల్లా! రాజూ, ఈ గదిలో మనుషులు ఎలా ఉంటున్నార్రా? ఏం వాసన ఇది?"

"వాసనేటి బాబాయ్?" అన్నాను. నిజంగానే అడిగేను. "ఇయ్యాల పొద్దుట్నుంచి ఏ వాసనా నేదే!"

ఆయన దగ్గు ఆపుకుని, ఆ మసక కల్లతోనే నా కేసి సూసేడు. తిడతాడేమోనని కాసుక్కూకున్నాను. తిట్టినా బాగున్ను.

"మావాడి ముక్కు ఈ గదిలో పోయింది. దొరికితే ఇచ్చెయ్ బాబూ," అని సెప్పి, కర్ర పొడుసుకుంటా ఎల్లిపోనాడు. పండగ దాకా సూత్తాననీ, అప్పటికీ ముక్కు రాకపోతే దుకానం కట్టీసి సీసాలు ఎవులికో అమ్మీత్తాననీ కొడుక్కి ఆ పూటే సెప్పీసేడంట.

నాకు కోపమొచ్చింది. మా షెడ్డుకొచ్చి నన్నంతాడా అనుకున్నాను. ఆ కోపంలోనే బంక టిన్ను ఒకటి లాక్కొచ్చి లతీఫ్ ముందు పడీసేను. ఆడు పదో క్లాసు సదివేడు, ఇంగ్లీసు అచ్చరాలొచ్చు.

"సదవరా దీని మీదేటుందో. ముక్కులు పోతాయని రాసుందేటి?"

ఆడు టిన్ను తిప్పి, ఏలు పెట్టుకుని, కూడబలుక్కుని సదివేడు. గాలి బాగా ఆడే చోట మాత్రమే వాడాల. ఆవిరి పీల్సకూడదు. నిప్పుకి దూరంగా ఉంచాల. ఒంటికి తగలనియ్యకూడదు. మూత ఎంటనే పెట్టీయాల. అన్నీ వరసగా, ఎర్ర అచ్చరాల్తో రాసే ఉన్నాయి. ఏడేల్లుగా అలాంటి టిన్ను బోర్లించి, దాని మీద కూకునే నాను టీ తాగతన్నాను!

నా కోపం అక్కడే సల్లారిపోయింది. మేకులూడబీకీ పట్టకారు తెచ్చి మొదటి కిటికీ మేకులు లాగడం మొదలెట్టేను.

ఆ సప్పుడికి ఓనరు గారు పరిగెత్తుకొచ్చేరు. "రాజూ, నీకేమైనా పిచ్చా? ఇంకా రెండొందల బల్లలున్నాయి! ఇరవై రోజులు ఓపిక పట్టు, తరవాత గోడలు కూడా పడగొట్టు."

"ఇరవై రోజులు మీరు లోపల కూకోండి బాబూ, నాను బయట ఓపిక పడతాను," అన్నాను.

ఆయనతో అంత మాట ఎప్పుడూ అన్నేదు. ఆయన మొకం ఎర్రబడింది. నానూ తగ్గనేదు. లతీఫ్ సంగతి మొత్తం సెప్పేను, రజాక్ బాబాయ్ వొచ్చెల్లిన సంగతి సెప్పేను, టిన్ను మీది రాత సూపించేను. ఇంగ్లీసు ఆయనకి లతీఫ్ కన్నా బాగా వొచ్చు. సదువుకుని, టిన్ను కింద పెట్టి, "మరి దుమ్ము?" అన్నారు, గొంతు తగ్గించి.

దానికి జవాబు అప్పలసూరి దగ్గరుంది. గుమ్మంలో నిలబడి తల గోక్కుంటా అన్నాడు. "దుమ్ముకేటి బాబూ, అది గాలి ఎటు తోలితే అటెల్తాది. తెల్లారగట్ట గాలి కొండల మీంచి సముద్రంలోకెల్తాది. మేం బోట్లు దింపీది అప్పుడే కదేటి. తొమ్మిది పది దాటేక తిరగబడి ఊరి మీదకొత్తాది. బంక పని పొద్దున్నే సేసుకుంటే సరి."

రెండు నెల్లుగా ఈ మాట సెప్పలేదేట్రా అని ఆడి మీద లేసేను. "నువ్వడిగేవేటి? బెల్లం పెట్టేవు, తిన్నాను," అన్నాడు.

మర్నాటి నుంచి అయిదింటికే పని. ఆరు కిటికీలూ బార్లా తెరిసి, కొండగాలి ఉన్నంతసేపే బంక రాసి, తొమ్మిదిన్నరకి టిన్నులన్నిటికీ మూతలు బిగించీసి, అప్పుడు దుమ్ముకి గుడ్డలు కప్పీవోల్లం. మజ్జాన్నాలు కోతపని, అంచులు ఆకురాయి పట్టడం. ఒక గంట కాగానే మనిసి బయటకెల్లి గాలి పీల్చి రావాల, అది నా ఆర్డరు. సేతులు థిన్నరుతో కడుక్కోడం మాన్పించి, కొబ్బరి నూనె రాసి సబ్బుతో కడిగించేను. బెల్లం కూడా పెట్టేననుకోండి, తీపికి. యాభైకి రెండో మూడో బల్లలకి పొక్కులొచ్చేయి. శ్రీరామ్మూర్తి గారు తిప్పీసేరు, మల్లీ సేసిచ్చేం. ఎవులి కొంపా మునగనేదు.

లతీఫ్‌ని బంక గది గుమ్మం తొక్కనివ్వనేదు. బయట సూరు కింద కూకోబెట్టి ఆకురాయి సేతికిచ్చేను. సాయంత్రం పని దిగ్గానే ఆడితోపాటు నానూ దుకానానికెల్లీవోడిని. నన్ను ఎవులూ రమ్మన్నేదు. ఇంట్లో అన్నం సయించీది కాదు, అక్కడ కూకుంటే కొంత నయం. రజాక్ బాబాయ్ మూత తీసి కొడుకు ముక్కు కింద పెట్టీవోడు. లతీఫ్ కల్లు మూసుకుని పీల్సీవోడు. తల అడ్డంగా ఊపీవోడు. తండ్రి మూత పెట్టీసి ఇంకో సీసా తీసీవోడు. వారం గడిసింది, రెండు వారాలు గడిసేయి. ఒక రోజు లతీఫ్, "ఒగ్గీ అబ్బా, మరి రాదు," అని లేసిపోబోతే, నానే ఆడి సెయ్యి పట్టుకుని కూకోబెట్టేను. దేవుడా, ఈ కుర్రోడి ముక్కు ఈడికిచ్చీ అని సింహాద్రప్పన్నకి మొక్కుకున్నాను. పక్కన రజాక్ బాబాయ్ ఆయన దేవుణ్ని అడుగుతానే ఉన్నాడు.

పండగ ఇంకో అయిదు రోజులుందనగా, సాయంత్రం ముగ్గురం దుకానంలో ఉన్నాం. సందులోంచి జోగమ్మ అనీ సేపలామె గంప నెత్తినెట్టుకుని ఎల్తంది. లతీఫ్ వట్టివేరు సీసా ముక్కు కాడ పెట్టుకునున్నాడు. ఉన్నట్టుండి మొకం ముడిసేడు.

"ఛీ, ఎండు సేపలు!" అన్నాడు.

జోగమ్మ గిరుక్కున తిరిగింది. "ఏటయ్యా ఛీ అంతన్నావు? నా సేపలకేటొచ్చింది? అత్తరు అమ్మీసినంత మాత్రాన..."

ఆ మిగతా తిట్లు ఎవులూ ఇన్నేదు. రజాక్ బాబాయ్ సెయ్యి గాల్లో అలగే ఆగిపోయింది. లతీఫ్ నోరు తెరుసుకుని మా ఇద్దర్నీ సూత్తన్నాడు. "అబ్బా, సేపలు. నాకు సేపల వాసనొచ్చింది," అని ఏడిసీసేడు. బాబాయ్ గబగబా సీసాలు తీసేడు. లతీఫ్ మొగలి సెప్పేడు. గులాబి సెప్పేడు. సందనం సెప్పేడు, మల్లె కాడ తడబడి మల్లీ సెప్పేడు. ఎనిమిదింటికి ఆరు! ముసలాయన కొడుకు తల గుండెకి అదుముకుని ఏదో వాల్ల బాసలో గొనుగుతన్నాడు. నాను జోగమ్మ కాల్లకి దండం పెట్టినంత పని సేసేను. "ఈ మొగోల్లకి ఎర్రెత్తిందే తల్లీ," అనుకుంటా ఎల్లిపోయిందామె.

నా గుండెల మీంచి బండ దించినట్టైంది. ఇంటికెల్దామని లేసేను.

"ఆగు రాజూ," అన్నాడు రజాక్ బాబాయ్. పై అరలోంచి సిన్న సీసా తీసేడు. "పండక్కి నీకోసం తెప్పించాను. ఉత్తరాదిది. గదిలో నిన్ను అలా అన్నానని మనసులో పెట్టుకోకు." నా మణికట్టు మీద సీసా మూతతో రాసేడు. "ఏం వాసనో చెప్పు చూద్దాం."

సెయ్యి ముక్కు కాడికి తెచ్చుకున్నాను. పీల్సేను. ఇంకా గట్టిగా పీల్సేను. సల్లగా తడి తగిలింది, అంతే. ఆల్లిద్దరూ నవ్వుమొకాల్తో నన్నే సూత్తన్నారు.

"గులాబి," అన్నాను.

లతీఫ్ నవ్వు ఆగిపోయింది. వొంగి నా మణికట్టు వాసన సూసేడు. "బావా, ఇది మట్టి. తొలకరి పడ్డ మట్టి వాసన. నువ్వు ఎవసాయం ఇంటోడివని అబ్బా..."

"ఎన్నేళ్ళయిందయ్యా నువ్వు ఈ పనిలోకొచ్చి?" అన్నాడు రజాక్ బాబాయ్.

"ఏడు."

నాకే గుర్తొచ్చింది. ఒకప్పుడు బంక ఆరిందో నేదో ముక్కుతోనే సెప్పీవోడిని. ఎప్పట్నుంచి ఏలితో ముట్టుకుని సూడ్డం మొదలెట్టేనో, అది మాత్రం ఎంత ఆలోసించినా తట్టనేదు. లతీఫ్ నన్ను సందు సివర దాకా దిగబెట్టేడు. "నీకూ వొత్తాది బావా," అన్నాడు. ఇన్నాళ్ళూ ఆడికి నాను సెప్పిన మాటే అది.

ఇంటి గుమ్మమెక్కి సొక్కా ఇప్పబోతన్నాను. గౌరీశ్వరి లోపల్నుంచొచ్చి ఆగిపోయింది.

"మావా, ఎక్కడ తడిసేవు? ఎటైనా వాన పడ్డాదేటి?" అంది. దగ్గరికొచ్చి, నా సెయ్యి పట్టుకుని వాసన సూసింది. "ఓలమ్మా! మన ఊర్లో దిబ్బపొలం దున్నినట్టుంది! ఎక్కడిదిది?"

"నాకు తెల్దం నేదే గౌరీ," అన్నాను. "వాసన తెల్దం నేదు. ఏదీ తెల్దం నేదు." అంతే, ఏడుపు ఆగనేదు. ఈది గుమ్మంలో, అందరూ సూత్తుండగా ఏడిసేను.

అది నన్ను మెట్టు మీద కూకోబెట్టి, నా పక్కన కూకుంది. నా సెయ్యి మాత్రం ఒగ్గనేదు.

"ఎలగుందో సెప్పవే," అన్నాను.

నా మణికట్టు ముక్కుకి ఆనించుకుని, కల్లు మూసుకుని, నెమ్మదిగా సెప్పడం మొదలెట్టింది.